శుక్త–పర్యుషిత–అభిషుత శబ్దార్థ విచారము: ఊరగాయ భక్ష్యత్వము

ధర్మశాస్త్రములలోని భక్ష్యాభక్ష్య ప్రకరణమును పాఠము చెప్పునపుడు రెండు పదముల కడ విద్యార్థి తప్పక ఆగును. ఒకటి పర్యుషితము, రెండవది శుక్తము. మొదటిదానికి నిలువయున్న అన్నమనియు, రెండవదానికి పులిసినదనియు అర్థము చెప్పి, రెండును నిషిద్ధములని ముగించుట వాడుకయైనది. అప్పుడు విద్యార్థి అడుగు ప్రశ్న న్యాయమైనదే. నిలువయున్నది నిషిద్ధమైనచో అటుకమీది జాడీలలో సంవత్సరము పొడుగునను నిలుచు ఆవకాయ గతి యేమి? పులిసినది నిషిద్ధమైనచో తడిబట్ట కట్టుకొని, మాట మైల తగులనీయక ఊరగాయ పెట్టిన ఇల్లాలు శాస్త్రము నుల్లంఘించినదా? దీనికి ‘ఆచారము వేరు, శాస్త్రము వేరు’ అను సమాధానము సులభమైనది. సరియైనది మాత్రము కాదు. ఎండలు మండు దేశమున, మంచుపెట్టె యెరుగని కాలమున, ఆహారమును చెడనీయక నిలుపుకొను విద్య యింటింట నుండెను. ఆ విద్యను ఎరిగియే సూత్రకారులు పదములను ఎంచికొనిరి. ఆ పదముల హద్దులను మనము చెరిపివేసికొంటిమి.

ముందుగా పర్యుషితము. పరి ఉపసర్గపూర్వకమగు వస ధాతువునకు క్తప్రత్యయము చేరగా సంప్రసారణముచే ఏర్పడిన రూపమిది. నివాసార్థకమగు ధాతువు కనుక ‘ఉండిపోయినది’ అని అవయవార్థము. ఎంతసేపు ఉండిపోయినది? భగవద్గీత 17వ అధ్యాయములో తామసాహారమును చెప్పు శ్లోకమునకు శంకర భగవత్పాదులు భాష్యము వ్రాయుచు, పక్వమై నడుమ ఒక రాత్రి గడచినది పర్యుషితమని స్పష్టపరచిరి. ఇచ్చట రెండు అంశములు గమనింపదగినవి. వండినదై యుండవలెను, రాత్రి గడచియుండవలెను. వండనిదానికి ఈ పదము వర్తింపదు. అదే శ్లోకమున పూతి యనుపదము వేరుగా నున్నది. కుళ్లి దుర్గంధము కొట్టునది పూతి. రెండు పదములు ప్రక్కప్రక్కన నుండుటచేతనే పర్యుషితమనగా కుళ్లినది కాదని తేలుచున్నది. ఐనను తెలుగు తాత్పర్యములలో పర్యుషితమునకు ‘పాచిపోయినది’ అని వ్రాయువారు కలరు. అది పూతికి చెప్పవలసిన అర్థము.

తెలుగుమాట ‘చలిది’, వాడుకలో చల్ది, చద్ది. సంస్కృతము కాలమును పట్టి పేరు పెట్టగా తెలుగు స్పర్శను పట్టి పేరు పెట్టినది. వేడి ఆరి చల్లనైనది చల్ది. చెడుటకు తెలుగున వేరుమాట లున్నవి: అన్నము పాచిపోవును, పప్పు తీగలు సాగును, పాలు విరుగును, పిండి పులియును, పచ్చడి బూజు పట్టును, నూనె ముక్కవాసన వేయును. ఒక్కొక్క వస్తువు చెడు తీరు ఒక్కొక్కటి కనుక ఒక్కొక్క క్రియ. వీనిలో ‘పులియు’ నొక్కటి చెడుటయు కావచ్చును, బాగుపడుటయు కావచ్చును. శుక్తశబ్దములోని చిక్కు సరిగా ఇదియే.

తెలుగునాట వైదికులలో అధికసంఖ్యాకులు ఆపస్తంబ సూత్రులు కనుక ఆ ధర్మసూత్రమే మనకు ముఖ్యప్రమాణము. ప్రథమప్రశ్నమున 17వ ఖండికలో ఆపస్తంబుడు కృతాన్నము, అనగా వండిన అన్నము, పర్యుషితమైనచో కూడదని నిషేధించి, వెంటనే పదునాలుగింటిని మినహాయించెను. ఫాణితము, పృథుకము, తండులము, కరంబము, భరుజము, సక్తువు, శాకము, మాంసము, పిష్టము, క్షీరవికారము, ఓషధులు, వనస్పతులు, మూలములు, ఫలములు. ఈ పట్టికను వంటయింటి కన్నుతో చూచినవారు అరుదు. ఫాణితము చెరకురసమును చిక్కబడునట్లు కాచినది. పృథుకము అటుకులు. భరుజము వేయించిన గింజ. సక్తువు వేయించి విసరిన పిండి. మన సత్తుపిండిలోని సత్తు ఈ శబ్దమునుండి వచ్చినదే. కరంబము పిండిని పెరుగుతో కలిపినది. క్షీరవికారము పెరుగు, వెన్న మొదలగునవి.

ఇవి యన్నియు ఎందులకు చెడవు? ఫాణితమున తీపి మిక్కిలి, నీరు తక్కువ. అటుకులు, వేయించిన గింజ, సత్తుపిండి – వీనిలోని తడి నిప్పుసెగకు పోయినది. కరంబము, క్షీరవికారములలో నీరున్నను పులుపు కాచును. వస్తువును చెరుపు సూక్ష్మజీవులు బ్రతుకుటకు వానికి అందెడి నీరు కావలెను. ఆ నీరు ఎండచేత నిప్పుచేత పోయినను, తీపిచేతను ఉప్పుచేతను కట్టుబడినను, లేక పులుపుచే ప్రతికూలమైనను అవి పెరుగలేవు. నేటి ఆహారశాస్త్రము చెప్పు ఈ మూడు మార్గములును ఆపస్తంబుని పట్టికలో నున్నవి. శాకమాంసములు మాత్రము ఈ వరుసలో సులభముగ ఇమడవు. ఎండబెట్టిన మాంసమునకు అమరసింహుడు వల్లూరమను పేరు చెప్పియున్నాడు. కూరగాయలను ఎండబెట్టిన వరుగులు మనకు నేటికిని కలవు. సూత్రకారుని మనసులో అట్టివి ఉండియుండునని ఊహింప వీలున్నది. అది ఊహయే.

మనువు 5వ అధ్యాయమునను, యాజ్ఞవల్క్యుడు ఆచారాధ్యాయమునను మరియొక మినహాయింపును చెప్పిరి. స్నేహముతో, అనగా నేతితోగాని నూనెతోగాని కూడినది పర్యుషితమైనను భోజ్యము. గోధుమలతో, యవలతో, పాలతో చేసినవి స్నేహము లేకున్నను చిరకాలము నిలిచినను భోజ్యములు. ఇచ్చట వ్యాఖ్యాతలలో వివాదమున్నది. స్నేహము వండునపుడే చేరియుండవలెనా, లేక తినబోవునపుడు కలిపినను చాలునా? తినునపుడు కలిపికొనవలెనను పక్షము కలదు. కాని ఇంటి అనుభవము మొదటి పక్షమునకు సాక్ష్యమిచ్చుచున్నది. బెల్లపు పాకములో పిండి కలిపి నేతిలో వేచిన అరిసె వారములకొలది నిలుచును. పులిహోర చింతపండు పులుపు, ఉప్పు, కాగిన నూనె పట్టియుండుటచేత ప్రయాణములో మరునాటికిని పనికివచ్చును. ఉత్తి అన్నమును రాత్రియంతయు ఉంచి ఉదయము నేయి చిలుకరించినంత మాత్రమున అది అరిసె కానేరదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. వండిన అన్నమును వెచ్చని గదిలో గంటలకొలది పొడిగా వదలినచో అందు బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి పెరుగును. దాని బీజములు వంటవేడికి చావవు. అది విడుచు విషములలో వాంతులు కలిగించునది మరల కాచినను పోదు. కడిగి, నేయి చేర్చి, వేడిచేసి తినుట స్మృతిదృష్టిచే శుద్ధి కావచ్చును, దేహమునకు రక్ష కాదు. శుద్ధివిధులన్నింటిని దృష్టార్థములుగ, అనగా కంటికి కనబడు ప్రయోజనము కలవిగ తీసికొని, ‘పూర్వులు చెప్పినారు కనుక ఆరోగ్యమే’ యని వాదించుట మీమాంసామర్యాదకును విరుద్ధము, వైద్యమర్యాదకును విరుద్ధము. ఇటీవల చద్దన్నమును సర్వరోగనివారణిగ పొగడువారు ఈ భేదమును పాటించుట లేదు.

అన్నము నీటిలో మునిగి పులిసినపుడు సంగతి వేరు. కోస్తా జిల్లాలలోని తరవాణి కుండ ఇందుకు సాక్షి. అన్నమును, గంజిని, నీటిని కుండలో చేర్చి, మునుపటి పులుపే తోడుగా నిలుపుదురు. ఆ పులుపు తోడుచేసిన సూక్ష్మజీవులే లాక్టికామ్లమును పుట్టించి, ఇతరములను పెరుగనీయవు. సంస్కృతమున దీనికి సమీపమైనది కాంజికము. అమరకోశము వైశ్యవర్గమున కాంజికమునకు ఆరనాలము, సౌవీరము, ధాన్యామ్లము, అవంతిసోమము, అభిషుతము మున్నగు పర్యాయములు కలవు. వీనిలో అభిషుతము అను పేరును జ్ఞాపకమందుంచుకొనవలెను. విచారమంతయు దానిపైననే తిరుగును.

ఇక శుక్తము. మనువు 5వ అధ్యాయమున 9వ శ్లోకమున శుక్తములను వర్జ్యములలో చేర్చి, 10వ శ్లోకమున పెరుగును, పెరుగునుండి పుట్టినవానిని, మంచి పుష్పమూలఫలములతో ‘అభిషవము’ చేయబడినవానిని భక్ష్యములని మినహాయించెను. 9వ శ్లోకమును మాత్రము వల్లించి 10వ దానిని విడుచుటచేతనే పాఠశాలలలో గందరగోళము పుట్టినది. శుక్తమునకు కుల్లూకభట్టు చేసిన వివరణము చక్కనిది. స్వభావముచేత మధురాదిరసములు కలిగియుండి, కాలవశముననో నీరు మొదలగువానిచేతనో పులుపెక్కినవి శుక్తములు. కనుక స్వభావముచేతనే పులుపైన మామిడి, చింత, నిమ్మ, ఉసిరి శుక్తములు కావు. తియ్యనిది పులిసినప్పుడే శుక్తము.

ఆపస్తంబుని మాట మరింత సూక్ష్మము. పైన చెప్పిన పట్టికకు ముందు ఒకసారి, పట్టిక ముగిసిన వెంటనే మరియొకసారి, అతడు శుక్తమును స్మరించెను. రెండవసారి శుక్తమునకు ‘అపరయోగ’ మను విశేషణమును తగిలించెను. సూత్రకారుడు అర్ధమాత్ర మిగిలినను పుత్రోత్సవమంత సంతోషించునని చెప్పుకొను సంప్రదాయమున, ఒకే నిషేధమును రెండుమారులు వ్యర్థముగ చెప్పడు. విశేషణమునందే ప్రయోజనమున్నది. కాని ఈ సమాసమును రెండు విధముల విడదీయవచ్చును. అపరముతో యోగము కలది యనినచో మరియొక ద్రవ్యము కలిసిన పులుపు నిషిద్ధమగును. పరయోగము లేనిది యని నఞ్‌బహువ్రీహిగ తీసికొన్నచో మరేమియు కలియక తనంత తాను పులిసినది మాత్రమే నిషిద్ధమగును. అర్థములు పూర్తిగా ఎదురెదురు. స్వరము నిలిచియున్నచో అదియే నిర్ణయించెడిది. ధర్మసూత్రములకు స్వరపాఠము లేదు. నిర్ణాయకము గౌతమధర్మసూత్రమున దొరకుచున్నది. గౌతముడు 17వ అధ్యాయమున శుక్తమునకు ‘కేవల’ శబ్దమును విశేషణముగ చేర్చి, పెరుగును మినహాయించెను. కేవలమనగా తోడులేనిది. రెండు సూత్రములును ఒకే విషయమును చెప్పుచున్నవి కనుక అపరయోగమనగా పరయోగరహితమనియే గ్రహించుట యుక్తము. పాకములో పరద్రవ్యము చేర్చి, ఉద్దేశపూర్వకముగ పులియబెట్టినది ఈ నిషేధమునకు లోబడదు. ఏమరుపాటున, తనంత తాను, కాలము మీరి పులిసిపోయినది లోబడును. గృహిణి మాటలో చెప్పవలెనన్నచో ‘పెట్టినది’ వేరు, ‘పోయినది’ వేరు.

అభిషవశబ్దము ఈ భేదమునకే పేరు. స్వాదిగణములోని షుఞ్ ధాతువునకు అభిషవము అర్థముగ చెప్పబడినది. అభిషవమునకు స్నపనము, పీడనము, స్నానము, సురాసంధానము అను నాలుగు అర్థములను సిద్ధాంతకౌముది తెల్పుచున్నది. సోమలతను దంచి రసము పిండుటయు అభిషవమే, ద్రవ్యమును రసములో నిలిపి పులియజేయుటయు అభిషవమే. రసమును వెలికి తీయుట, ఆ రసములోనే నానవేయుట – రెండు పనులకు ఒకే ధాతువు. తెలుగున ‘ఊరు’ క్రియ సరిగా ఇట్టిదే. చెలమలో నీరూరును; ఉప్పు వేసిన ముక్కలనుండి ఊట ఊరును; ఆ ఊటలోనే ముక్క ఊరును. ఊరిన కాయ కనుక ఊరుఁగాయ. రెండు భాషలకును ధాతుసంబంధ మేమియు లేదు. పని ఒక్కటే యగుటచేత మాటయు ఒకే త్రోవను నడచినది.

అభిషవము ఊరగాయ పెట్టుటయే యని నిశ్చయించుటకు శాస్త్రాంతరములు రెండు తోడ్పడుచున్నవి. శార్ఙ్గధరసంహిత మధ్యమఖండమున 10వ అధ్యాయము సంధానములను గూర్చినది. అందు కందమూలఫలాదులను స్నేహలవణములతో కూడ ద్రవమునందు అభిషవము చేసినచో దానిని శుక్తమందురని చెప్పబడినది. దుంపలు, కాయలు, నూనె, ఉప్పు, ఊట – ఇంతకంటె ఊరగాయకు లక్షణమేమి కావలెను? అయితే వైద్యుడు దీనికే శుక్తమని పేరు పెట్టినాడు, స్మృతికారుడు శుక్తమును కూడదన్నాడు. ఈ నామసామ్యమే చిక్కునకు మూలము. శాస్త్రభేదమున సంజ్ఞాభేదము సహజము. వైద్యుని శుక్తము మనువు 10వ శ్లోకములో మినహాయించిన అభిషుతమగునే గాని 9వ శ్లోకములోని శుక్తము కాదు. మనువు పుష్పమూలఫలములకు ‘శుభ’ విశేషణమును చేర్చుటచేత మత్తు పుట్టించు సంధానములు తొలగినవి.

రెండవ సాక్షి కౌటిల్యుడు. మైసూరులో ఆర్. శామశాస్త్రిగారు 1909లో అచ్చువేసి లోకమునకు తెలిపిన అర్థశాస్త్రమున ద్వితీయాధికరణము 15వ అధ్యాయము కోష్ఠాగారాధ్యక్షుని గూర్చినది. అందు స్నేహవర్గము, క్షారవర్గము, లవణవర్గము మున్నగువానితోపాటు శుక్తవర్గము ప్రత్యేకముగ నున్నది. చెరకురసము, బెల్లము, తేనె, ఫాణితము, నేరేడు, పనస – వీనిలో ఒకదానిని మేషశృంగీ పిప్పలీ కషాయముతో అభిషవము చేసి నెల, ఆరునెలలు, సంవత్సరము నిలిపినది శుక్తము. అందు దోసజాతి కాయలు, మామిడికాయ, ఉసిరిక చేర్చినను సరే, చేర్చకున్నను సరే. ఇచ్చటను అభిషుతశబ్దమే. రాజభాండాగారమున సంవత్సరము నిలిచిన మామిడికాయ ఉన్నదన్నమాట. నిలువలలో సగము జానపదుల ఆపదలకై ఉంచి, సగము వాడుచు, పాతదానిని క్రొత్తదానితో మార్చుచుండవలెననియు కౌటిల్యుడు విధించెను. ఊరగాయ జిహ్వాచాపల్యమునకు పుట్టిన వస్తువని తేలికగ మాటలాడువారు ఈ అధ్యాయమును చూడవలెను. కరువు కాలమున కూరలేని ముద్దకు అది ఆధారము.

ఇప్పుడు ఆవకాయను ఈ ప్రమాణముల ముందు నిలుపవచ్చును. మామిడికాయ వండినది కాదు, కావున పర్యుషితము కానేరదు. పైగా ఫలములు ఆపస్తంబుని మినహాయింపులో నున్నవి. స్వభావముచేతనే ఆమ్లము, కావున కుల్లూకుడు చెప్పిన శుక్తలక్షణము పట్టదు. ఉప్పు, ఆవపిండి, నూనె చేరినది, కావున కేవలము కాదు, అపరయోగము కాదు. ఫలముతో అభిషుతము, కావున మనువు మినహాయింపు నేరుగా వర్తించును. కాకర వంటి పులుపులేని కాయలను ఊరవేయునపుడు చింతపండునో నిమ్మరసమునో చేర్చుట పరయోగమునకు మరియొక నిదర్శనము. శ్రాద్ధదినమున పెక్కు ఇండ్లలో ఊరగాయను వడ్డింపక అప్పటికప్పుడు పచ్చడి చేయుదురు. అది శ్రాద్ధమునకు చెందిన విశేషనియమమే గాని నిత్యభోజనమున అభక్ష్యత్వమునకు జ్ఞాపకము కాదు.

ఆవకాయ నిలుచుటకు కారణమేమి? నూనెయే కాపాడునని చాలమంది తలచుచుందురు. నూనె గాలిని అడ్డును, పైని బూజు కట్టనీయదు. అంతకు మించి చేయలేదు. గాలి లేనిచోటనే పెరుగు భయంకర సూక్ష్మజీవులు కొన్ని కలవు. వానిని అడ్డునది పులుపు. ఆమ్లతను కొలుచు మానములో 4.6కు దిగువ నున్న పదార్థమున వానిలో ఘోరమైన బొట్యులిజము క్రిమి పెరుగలేదు. మామిడిపులుపు ఆ గీతకు చాల దిగువ. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగి, ఆ నీటిని తనతో కట్టివేయును. ఆవపిండి పని మరింత చిత్రమైనది. పొడి ఆవపిండికి ఘాటు లేదు. తడి తగిలినప్పుడే ఆ ఘాటు పుట్టును, ఆ ఘాటే సూక్ష్మజీవులకు ప్రతికూలము. ముక్కనుండి ఊట దిగినకొలది ఆవ మేల్కొనును. మూడవనాడు తిరుగగలుపుట ఆచారమాత్రము కాదు. ఊట, ఉప్పు, ఆవ ప్రతి ముక్కకును సమముగ చేరుట కొరకు. కాయ కడిగి తడి లేకుండ తుడుచుట, గరిటె పొడిగ నుంచుట, జాడీమూతికి వాసెన కట్టుట – వీనిలో ఏ ఒక్కటి తప్పినను జాడీ చెడవచ్చును. మాగాయలో మరియొక ఉపాయము. ఉప్పులో ఊరిన ముక్కలను పిండి ఎండలో ఎండబెట్టి, ఊటను వేరుగ ఎండజూపి, మరల రెంటిని కలుపుదురు. అభిషవమునకు గల పీడన, సంధానార్థములు రెండును ఒకే పాకమున కనబడుట మాగాయలోనే.

మిరపకాయ మాత్రము ఈ పాకమునకు క్రొత్తచుట్టము. అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. అంతకు ముందటి ఊరగాయలకు కారము మిరియము, ఆవ, అల్లముల వలననే. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువునకు తగినట్లు వడ్డించు పద్యములు ఇందుకు ఉపకరించును. వానకాలపు భోజనమున వడియములు, వరుగులు ఉన్నవి. వేసవి భోజనమున వడపిందెలు, నీరుచల్ల ఉన్నవి. చలికాలమున మిరియపు పొడి ప్రస్తావన ఉన్నది. 1509 నుండి 1529 వరకు ఏలిన కృష్ణదేవరాయలు ఇది వ్రాయునప్పటికి మిరపకాయ తెలుగు వంటయింటిని చేరలేదు. వేసవి ఎండలో ఎండినది వానకాలమున అక్కరకు వచ్చుట ఆ వరుసలోనే తెలియుచున్నది. జడివానలో కూరలు దొరకవు, కట్టెలు తడియును. కవి ఆ తడికట్టెల పొగ బాధను సైతము మరువలేదు.

పోతన భాగవతమున దశమస్కంధములో గోపబాలుర చల్దులారగింపు ఎల్లరకు తెలిసినదే. ఒక విశేషము మాత్రము తరగతులలో ప్రస్తావనకు వచ్చుట లేదు. సంస్కృత మూలమున 10వ స్కంధము 13వ అధ్యాయమున బాలకృష్ణుని ఎడమచేత కబళమును, వ్రేళ్ల నడుమ దానికి తగిన ఫలములును ఉన్నవి. పోతన ఆ ఫలములను ఊరుఁగాయలుగ మార్చెను. కబళమును మీగడపెరుగు కలిపిన చల్దిముద్దగ చేసెను. ఇది అనువాదమున స్వేచ్ఛ మాత్రమే కాదు. ఉదయమున అడవికి పోయి పగలెల్ల తిరుగు పిల్లలకు కట్టియిచ్చు అన్నమునకు పెరుగు కలుపకున్న మధ్యాహ్నమునకు నిలువదు. దానికి తోడు నిలువయుండునది ఊరగాయయే. మూలములోని ‘ఫల’ శబ్దమునకు తెలుగుకవి ఇచ్చిన అర్థము మనువు 10వ శ్లోకములోని ఫలముతో చేసిన అభిషుతమే యగుచున్నది. దధియు, అభిషుతమును – మనువు శుక్తములలో మినహాయించిన రెండును – ఆ బాలకుని ఒకే చేతిలో నున్నవి.

నిలుపుకొను ఇతరోపాయములను గూర్చి క్లుప్తముగ. పాలను పగలెల్ల పిడకల దాలిపై సన్నసెగన ఉంచుట వేడిచేత కాచుట. పాలు పూర్తిగ ఆరకముందే తోడు వేయుదురు. ఉట్టి, సంస్కృతమున శిక్యము, పిల్లికి ఎలుకకు చీమకు అందకుండుట కొరకే గాక గాలి తగులుట కొరకును. మట్టికుండ పొరలనుండి చెమర్చిన నీరు ఆవిరియగునపుడు లోని వేడిని తీసికొనిపోవును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కాలరీల వేడి ఖర్చగును. పొడిగాలి వీచు రాయలసీమ, తెలంగాణములలో కుండ చల్లబడినట్లు ఉక్కపోతగల సముద్రతీరమున చల్లబడదు. ఇదే సూత్రముమీద రెండు ఇటుకగోడల నడుమ ఇసుక నింపి తడుపుచు కూరగాయలను నిలుపు అరను ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు 1980వ దశకమున రూపొందించిరి. దానికి విద్యుత్తు అక్కరలేదు. ధాన్యమునకు గాదె, గరిసె, పాతర. కందులకు ఎర్రమట్టి, పప్పులకు ఆముదము. కౌటిల్యుడును ధాన్యమును ఎత్తుమీద, బెల్లపువంటివానిని దట్టముగ అల్లిన గడ్డిమూటలలో, స్నేహమును మట్టి కొయ్య పాత్రలలో, ఉప్పును నేలపై ఉంచవలెనని 15వ అధ్యాయపు చివర శ్లోకమున విధించెను.

మిగిలిన సందేహ మొక్కటి. నేడు ఇంటింట ఫ్రిజ్ వచ్చినది. దానిలో రాత్రి ఉంచిన కూర పర్యుషితమగునా? భాష్యకారుల లక్షణము ప్రకారము అగును. వండినది, రాత్రి గడచినది. చల్లదనము చెడుటను నెమ్మదింపజేయును గాని కాలమును ఆపదు. చెడలేదు కనుక పర్యుషితము కాదనుట పర్యుషిత పూతి శబ్దములను మరల ఒకటి చేయుట. అందు నిలువయున్న దోసెపిండి సంగతి ఇంకను చిక్కైనది. అది వండినది కాదు కనుక పర్యుషితము కాదు. తియ్యని ధాన్యము కాలవశమున పులిసినది కనుక కుల్లూకుని లక్షణము ప్రకారము శుక్తము. పుష్పమూలఫలములు చేరలేదు కనుక అభిషుతమను మినహాయింపు లేదు. మినుము బియ్యము కలియుటయే పరయోగమని వాదించినచో గౌతమాపస్తంబుల మాట అనుకూలించును. కాని ఆ రెండును పులియు ద్రవ్యములే యగుటచేత, ఒకటి మరియొకదానికి ‘పర’ మగునా యని పూర్వపక్షి అడుగవచ్చును. ఉప్పు చేర్చి పులియబెట్టినచో ఆ ఆక్షేపము తొలగును. కొన్ని ఇండ్లలో పిండి రుబ్బిన వెంటనే ఉప్పు కలుపుదురు. కొన్ని ఇండ్లలో పులిసిన పిదప, పోయబోవునపుడు కలుపుదురు. ధర్మసూత్రము చదివిన కన్నులకు ఆ రెండు పిండ్లు ఒకటి కావు.